అంతరిక్షంలో ఊరు నిలవాలంటే అక్కడ బతుకుదెరువు ఉండాలి

2008 చివర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఒక యంత్రం వెళ్ళింది. వ్యోమగాముల మూత్రంలోంచి నీటిని ఆవిరిగా లాగి, ఆ ఆవిరిని మళ్ళీ నీరు చేయడం దాని పని. తర్వాతి దశలో ఇంకో యంత్రం ఆ నీటిని తాగడానికి పనికొచ్చేలా శుద్ధి చేస్తుంది. నేల మీద బోలెడు పరీక్షలు చేసి, మూత్రంలో 85 శాతం నీళ్ళు వెనక్కి వస్తాయని లెక్క తేల్చుకుని మరీ పంపారు. ఏడాది తిరక్కుండానే అది మొరాయించింది. చూస్తే లోపలంతా కాల్షియం సల్ఫేట్ గడ్డకట్టుకుని ఉంది.

నేను నీటి శుద్ధి ప్లాంట్లలో మెయింటెనెన్స్ చూసే మనిషిని. దీన్ని మేం స్కేలింగ్ అంటాం. నీటిని వడకట్టే మెంబ్రేన్ మీద, పైపుల్లో, హీటర్ కాయిల్ మీద తెల్లగా, రాయిలా పేరుకుంటుంది. వచ్చిన నీటిలోంచి ఇంకాస్త, ఇంకాస్త లాగుదామని ఆశపడే కొద్దీ మిగిలిన నీళ్ళలో లవణాలు చిక్కబడతాయి. ఒక హద్దు దాటాయా, ఇక కరిగి ఉండవు, దొరికిన చోటల్లా అంటుకుంటాయి. మాకు ఇది రోజూ ఉండే గొడవే కాబట్టి ఆ వార్త చదివినప్పుడు మొదట ఏమీ అనిపించలేదు. స్కేలింగ్ రాకుండా కలిపే రసాయనం మోతాదు ఎక్కడో తప్పి ఉంటుందిలే అనుకున్నాను.

అంత కాల్షియం అసలు ఎక్కడి నుంచి వచ్చిందో చదివాక మాత్రం కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అది ఆ వ్యోమగాముల ఎముకల్లోంచి వచ్చింది.

బరువు మోసే పని లేకపోతే శరీరం ఎముకను దండగ ఖర్చు కింద చూస్తుంది. తుంటి, వెన్నెముక లాంటి చోట్ల నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక తరిగిపోతుంది. తరిగిన కాల్షియం రక్తంలో కలిసి మూత్రంలోంచి బయటికి పోతుంది. నేల మీద పరీక్షలకి వాడింది నేల మీద మనుషుల మూత్రం. అందులో అంత కాల్షియం ఎక్కడుంటుంది? పైగా మూత్రం పాడవకుండా ముందే కలిపే రసాయనంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంది. ఎముకల కాల్షియం, ఆమ్లంలోని సల్ఫేట్ కలిశాయి, యంత్రం మూసుకుపోయింది. కొన్నేళ్ళపాటు 85 శాతం ఆశ వదులుకుని 70, 75 దగ్గర నడిపారు. తర్వాత సల్ఫ్యూరిక్ బదులు ఫాస్ఫారిక్ ఆమ్లానికి మారారు. ఆపైన మిగిలిపోయే చిక్కటి ఉప్పు ద్రవాన్ని (బ్రైన్) కూడా పిండే ఇంకో యంత్రాన్ని 2021లో పంపారు. 2023లో మొత్తం నీటి రికవరీ 98 శాతానికి చేరింది.

పదిహేనేళ్ళు పట్టింది ఈ ఒక్క పనికి. నన్ను అడిగితే, అంతరిక్ష చరిత్రలో జెండాలు పాతిన ఘట్టాల పక్కన దీనికీ ఒక పేజీ ఇవ్వాలి.

మనుషులు భూమి దాటి స్థిరపడాలా వద్దా అంటే, నేను స్థిరపడాలనే పక్షమే. చిన్నప్పటి నుంచీ ఆ పక్షమే. కాకపోతే ఈ పక్షంలో ఉన్నవాళ్ళు సాధారణంగా చెప్పే మాటలు కొన్ని నాకు మింగుడుపడవు. భూమి ఎలాగూ పాడైపోతుంది, ఇంకో గ్రహం సిద్ధం చేసుకుందాం అనేది ఒకటి. ఎంత పాడైన భూమి అయినా అంగారకుడి కంటే వెయ్యి రెట్లు నయం. గాలి పీల్చుకోవచ్చు, అది చాలదా? ఇక రెండోది, వాళ్ళకంటే ముందు మనం పోవాలి అనే పోటీ మాట. పోటీతో వెళ్ళొచ్చు, ఉండలేం. పోటీతోనే 12 మంది చంద్రుడి మీద నడిచారు. 1972 డిసెంబరులో ఆఖరి ఇద్దరూ తిరిగొచ్చారు. మనుషులు మళ్ళీ ఆ దరిదాపులకి పోవడానికి అర్ధ శతాబ్దం పైనే పట్టింది.

నా కారణం చిన్నది. పైన ఎండకి కొదవ లేదు, రాళ్ళకి కొదవ లేదు, చోటుకి కొదవ లేదు. ఇక్కడ పదిమంది కొట్టుకునేవన్నీ అక్కడ ఎవరూ ముట్టుకోకుండా పడి ఉన్నాయి. వాటితో బతకడం ఎలాగో నేర్చుకుంటే మనిషి బతకగలిగే చోట్లు పెరుగుతాయి. అది మంచిదే అనుకుంటాను.

కానీ ఎవరు డబ్బు పెడతారు, ఎన్నాళ్ళు పెడతారు? మెయింటెనెన్స్ చేసేవాడికి తట్టే మొదటి ప్రశ్న ఇదే. ప్లాంటు కట్టడానికి డబ్బు ఎప్పుడూ దొరుకుతుంది. రిబ్బను కత్తిరిస్తారు, ఫొటోలు దిగుతారు. అయిదేళ్ళ తర్వాత పంపు బేరింగ్ అడిగితే ఫైలు కదలదు. ప్రభుత్వాల అంతరిక్ష కార్యక్రమాల కథ కూడా దాదాపు ఇంతే. 1966లో అమెరికా కేంద్ర బడ్జెట్‌లో 4 శాతం పైచిలుకు నాసాకి వెళ్ళింది. ఇప్పుడు అర శాతం కూడా లేదు. 2000 నవంబరు 2 నుంచి ఒక్కరోజు కూడా ఖాళీ లేకుండా మనుషులు ఉంటున్న అంతరిక్ష కేంద్రాన్ని 2030 తర్వాత కిందికి దించి సముద్రంలో కూల్చేయాలని నిర్ణయం. ఆ దించే వాహనం కోసం 2024లో కాంట్రాక్టు కూడా ఇచ్చేశారు, 84 కోట్ల డాలర్లకు పైమాటే. చంద్రుడి దక్షిణ ధ్రువంలో నీటి మంచు వెతకడానికి తయారు చేసిన వైపర్ రోవర్‌ని 2024 జూలైలో, బండి దాదాపు పూర్తయ్యాక, రద్దు చేస్తున్నామన్నారు. తర్వాత మళ్ళీ దానికి వేరే దారి చూశారు కానీ, నాకు ఆ రద్దు వార్తే గుర్తుండిపోయింది.

దీనికి ఎవర్నో తిట్టాల్సిన పని లేదు. ప్రాజెక్టుకి ముగింపు తేదీ ఉంటుంది. ఊరికి ఉండదు. ఎందుకుండదంటే, ఊళ్ళో వాళ్ళు అక్కడే ఏదో ఒకటి చేసి సంపాదించుకుంటారు. పై నుంచి వచ్చే గ్రాంటు ఆగినా పొద్దున లేచి పనికి పోతారు.

వాదనకి దిగిన ప్రతిసారీ అవతలివాళ్ళు అంటార్కిటికాని తెస్తారు. అంతరిక్షం కంటే అంటార్కిటికా లక్ష రెట్లు సులువు కదా, అక్కడే ఊళ్ళు లేవే అంటారు. మంచి ప్రశ్న, తేలిగ్గా తోసేయకూడదు. అక్కడ గాలి ఉంది, తవ్వితే నీళ్ళు ఉన్నాయి, విమానం వెళ్తుంది. అయినా చలికాలంలో ఖండం మొత్తం మీద ఉండేది వెయ్యి మంది చిల్లర. 1978లో అర్జెంటీనా తన ఎస్పెరాంజా స్థావరంలో ఒక బిడ్డ పుట్టేలా చూసింది, ఆ నేల మాదే అని చెప్పుకోవడానికి. బిడ్డ పుట్టినంత మాత్రాన ఊరు పుట్టలేదు. ఎందుకంటే అక్కడికి పోయేది జీతం మీద, జీతం వచ్చేది ఎక్కడో ఉన్న రాజధాని నుంచి. 1991 ఒప్పందం గనుల తవ్వకాన్ని నిషేధించింది. నిషేధించడం మంచిదే, ఆ ఖండాన్ని అలా వదిలేయడమే న్యాయం. అక్కడ పెంగ్విన్లు ఉన్నాయి, మంచు కరిగితే మునిగే తీరాలు ఉన్నాయి. కానీ బతుకుదెరువుని మూసేసిన చోట ఊరెందుకు లేదని అడగడం మాత్రం కుదరదు. చంద్రుడి మీద పెంగ్విన్లు లేవు.

సరే, అక్కడ బతుకుదెరువు ఏమిటి మరి? ఇక్కడే మన పక్షం వాళ్ళు ఎక్కువగా కోతలు కోస్తారు.

గ్రహశకలాల్లో లక్షల కోట్ల కోట్ల డాలర్ల బంగారం, ప్లాటినం ఉందని తరచూ చూస్తుంటాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 2016లో బయల్దేరిన ఒసైరిస్-రెక్స్ నౌక బెన్ను అనే శకలం నుంచి 2023లో తెచ్చింది 121.6 గ్రాములు. ఖర్చు 100 కోట్ల డాలర్లు దాటింది. అది శాస్త్రం కోసం చేసిన పని, శాస్త్రానికి అది గొప్ప బేరమే. గనుల వ్యాపారానికి మాత్రం కాదు. గనులు తవ్వుతామని 2012లో ఆర్భాటంగా ప్రకటించుకున్న ప్లానెటరీ రిసోర్సెస్ కంపెనీని 2018లో ఒక బ్లాక్‌చెయిన్ సంస్థ కొనేసింది. దాంతో ఆ అధ్యాయం ముగిసింది. అసలు అంత ప్లాటినం నిజంగా తెచ్చి పోస్తే ప్లాటినానికి ఆ ధర ఉండదు కదా. ఆ లెక్క ఎవరూ వేయరేం?

నేను నమ్మే సరుకు నీళ్ళు. వృత్తిలోంచి వచ్చిన పక్షపాతం కావచ్చు, ఒప్పుకుంటాను. చంద్రయాన్-1 మీద వెళ్ళిన పరికరం చంద్రుడి నేల మీద నీటి జాడ చూపించిందని 2009లో తేలింది. అదే ఏడాది అక్టోబరులో ఎల్‌క్రాస్ ప్రయోగంలో ఒక రాకెట్ దశని దక్షిణ ధ్రువం దగ్గర ఎప్పుడూ ఎండ పడని కేబియస్ బిలంలోకి గుద్దించారు. లేచిన దుమ్ములో బరువు లెక్కన దాదాపు 5.6 శాతం నీరు ఉందని అంచనా వేశారు, అంచనాలో తేడా బాగానే ఉన్నా. నీటిని విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్. రెండూ కలిస్తే రాకెట్ ఇంధనం. భూమి పట్టు తప్పించుకోవాలంటే సెకనుకి 11.2 కిలోమీటర్ల వేగం కావాలి, చంద్రుడి నుంచైతే 2.4 చాలు. పైన తిరిగే నౌకలకి చంద్రుడి నుంచి ఇంధనం అమ్మగలిగితే దానికి భూమ్మీద కొనేవాడు అక్కర్లేదు. కొనేవాడు పైనే ఉంటాడు. ఇదీ వ్యాపారం.

ఎండ కూడా పడని గుంటలో, మైనస్ 200 డిగ్రీలకి దగ్గర్లో, మట్టిలో కలిసిపోయిన మంచుని తవ్వి ఇలా చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. తవ్వే యంత్రంలో గ్రీజు గడ్డకడుతుంది, రబ్బరు సీలు గాజులా పగులుతుంది. అయినా అది కష్టమైన ఇంజినీరింగే తప్ప మాయాజాలం కాదు. అంగారకుడి మీద మాక్సీ అనే చిన్న పరికరం 2021 నుంచి 2023 దాకా 16 సార్లు నడిచి, అక్కడి కార్బన్ డయాక్సైడ్ నుంచి మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. ఒక మనిషి మూడున్నర గంటలు పీల్చేంత. నవ్వొస్తుంది వింటే. కానీ వేరే గ్రహం గాలిలోంచి మనం తీసిన మొదటి ఆక్సిజన్ అది. ప్రతి ప్లాంటుకీ ముందు ఒక పైలట్ ప్లాంటు, అంటే పరీక్షకి కట్టే చిన్న ప్లాంటు ఉంటుంది.

రెండో సరుకు, బరువు లేకపోవడం. గురుత్వం లేని చోట స్ఫటికాలు వేరేగా పెరుగుతాయి, మందుల తయారీకి అది పనికొస్తుంది. వార్డా అనే కంపెనీ 2023 జూన్‌లో ఒక గుళికను కక్ష్యలోకి పంపి, మనిషి లేకుండానే లోపల రిటోనవిర్ అనే మందు స్ఫటికాలు తయారు చేసింది. పని తొందరగానే అయిపోయింది. గుళిక మాత్రం నెలల తరబడి పైనే తిరుగుతూ ఉండిపోయింది. కారణం, కిందికి దిగడానికి అనుమతులు రాలేదు. చివరికి 2024 ఫిబ్రవరిలో యూటా ఎడారిలో దిగింది. సరుకు సిద్ధంగా ఉండి గేట్ పాస్ కోసం లారీ ఆగిపోవడం ఎలా ఉంటుందో ఫ్యాక్టరీల్లో పనిచేసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

పర్యాటకం గురించి ఎక్కువ చెప్పను. 2001లో డెన్నిస్ టిటో అనే అమెరికా ధనవంతుడు సొంత డబ్బుతో వెళ్ళొచ్చాడు, తర్వాత ఇంకొందరు వెళ్ళారు. డబ్బున్నవాళ్ళ సరదా ఊరిని నిలబెట్టదు గానీ, మొదటి బిల్లులు కొన్ని కట్టొచ్చు.

వీటన్నిటికీ ముందు జరగాల్సిన పని ఒకటి ఉంది, అది జరిగింది కూడా. రవాణా ఖర్చు పడిపోయింది. నాసా ఇంజినీరు ఒకరు 2018లో వేసిన లెక్క ప్రకారం నాసా పాత వాహనం స్పేస్ షటిల్ మీద భూకక్ష్యకి కిలోకి 54,500 డాలర్లు పడేది. స్పేస్‌ఎక్స్ కంపెనీ రాకెట్ ఫాల్కన్ 9 మీద 2,720 డాలర్లు. 2011లో షటిల్ ఆగిపోయాక అమెరికా తొమ్మిదేళ్ళు తన మనుషుల్ని పంపడానికి రష్యా సోయజ్‌లో సీట్లు కొనుక్కుంది. 2015 డిసెంబరులో ఫాల్కన్ మొదటి దశ నిటారుగా వెనక్కి దిగింది. 2017 మార్చిలో ఒకసారి వాడినదాన్ని మళ్ళీ ఎగరేశారు. ఇప్పుడు ఒకే బూస్టరు, అంటే ఆ మొదటి దశ, 20 సార్లకు పైగా ఎగిరిన దాఖలాలు ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ మొదటి ల్యాండింగ్ కంటే నాకు 2017 రోజే ఎక్కువ నచ్చింది. వెనక్కి దించడం విన్యాసం, మళ్ళీ వాడడం మెయింటెనెన్స్.

ఆ గేట్ పాస్ సంగతి ఇంకాస్త చూద్దాం. ఎందుకంటే ఊరికి ఇంధనం ఎంత అవసరమో చట్టం అంతే అవసరం. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుడిని గానీ ఇంకో గోళాన్ని గానీ ఏ దేశమూ సొంతం చేసుకోకూడదు. ప్రైవేటు కంపెనీలు చేసే పనికి కూడా ఆయా దేశాలే బాధ్యత వహించాలి, అనుమతి ఇవ్వాలి, కనిపెట్టుకుని ఉండాలి. ఇది చాలా మంచి ఒప్పందం, దాన్ని చింపేయాలనే వాళ్ళతో నేను కలవను. కానీ తవ్విన నీళ్ళు తవ్వినవాడివేనా? ఆ ప్రశ్న దగ్గర అది మౌనంగా ఉంది. 1979లో చంద్రుడి ఒప్పందం అని ఇంకోటి తెచ్చి, ఆ వనరులు మానవాళి ఉమ్మడి వారసత్వం అన్నారు. అమెరికా, రష్యా, చైనా ఏవీ అందులో చేరలేదు. 2015లో అమెరికా, 2017లో లగ్జెంబర్గ్, తర్వాత ఎమిరేట్స్, 2021లో జపాన్ తమ తమ చట్టాలు చేసుకున్నాయి. వాటి సారాంశం, నేల నీది కాదు, తీసిన సరుకు నీది. సముద్రంలో చేపలు పట్టేవాడికి ఉండే హక్కు లాంటిదే ఇది. సముద్రం ఎవరిదీ కాదు, వలలో పడిన చేప పట్టినవాడిది.

చంద్రుడి మీద పనులకి నియమాలుగా అమెరికా ముందుండి 2020లో మొదలుపెట్టిన ఆర్టెమిస్ ఒప్పందాలూ ఈ దారిలోనే ఉన్నాయి. భారత్ 2023 జూన్‌లో సంతకం చేసింది. అందులో సేఫ్టీ జోన్ల మాట ఉంది, నువ్వు పనిచేసే చోటికి ఇంకొకడు చెప్పకుండా రాకూడదు అని. మరి కరెంటు కోసం అందరికీ కావాల్సిన, ఎండ దాదాపు ఎప్పుడూ పడే శిఖరాలు దక్షిణ ధ్రువం దగ్గర గుప్పెడే ఉన్నాయి. ముందొచ్చినవాడు సేఫ్టీ జోన్ పేరుతో శిఖరం మొత్తాన్ని చుట్టేసుకుంటే? ఆ జోన్ ఎంత మేర, ఎన్నాళ్ళు, తగువొస్తే ఎవరి దగ్గరికి పోవాలి, ఇవన్నీ ఎవరూ లేనప్పుడే తేల్చుకోవాలి. మనుషులు వచ్చి కూర్చున్నాక సరిహద్దు రాళ్ళు పాతడం ఎంత కష్టమో చరిత్ర నిండా ఉంది.

ఇంకో భయం ఉంది నాకు. దీని గురించి మన పక్షం వాళ్ళు నోరు మెదపరు. కంపెనీ కట్టిన ఊళ్ళో గాలి కూడా కంపెనీదే అవుతుంది. ఇల్లు కంపెనీది, నీళ్ళు కంపెనీవి, తిరిగి పోవడానికి టికెట్ కంపెనీది. అలాంటి చోట కాంట్రాక్ట్ పనివాడు నాకు జీతం తక్కువైంది అనాలంటే ఎంత గుండె కావాలి? 1973, 74ల్లో అమెరికా పాత అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో ఆఖరి బృందం 84 రోజులు ఉంది. పని మరీ ఎక్కువైపోయిందని వాళ్ళు గట్టిగా చెబితే కింద ఉన్నవాళ్ళు షెడ్యూలు సడలించారు. జనం దాన్ని అంతరిక్షంలో సమ్మె అని కథలు చెప్పుకున్నారు, అంత లేదు. కానీ అప్పుడు కింద ఉన్నది ప్రభుత్వం, పైన ఉన్నవాళ్ళు దేశానికి హీరోలు. రేపు పైన ఉండేది నాలాంటి ఫిట్టర్. గాలి, నీళ్ళు, తిరుగు ప్రయాణం, ఈ మూడూ ఉద్యోగంతో ముడిపెట్టకూడదని మొదటి లైసెన్సులోనే రాయాలి. వ్యాపారం కావాలి అనే నేను ఈ మాట అంటుంటే కొందరికి రుచించదు. వ్యాపారం కావాలి కాబట్టే అంటున్నాను. మనుషులు భయంతో ఉండే చోట ఎవరూ పిల్లల్ని కనరు, పిల్లలు లేనిది ఊరు కాదు, క్యాంపు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి, మనకి అస్సలు తెలియని సంగతి దగ్గరికి వద్దాం. చంద్రుడి మీద గురుత్వం భూమిలో ఆరో వంతు, అంగారకుడి మీద 38 శాతం. ఆ కొంచెం బరువు ఎముకలకి సరిపోతుందా? ఎవరికీ తెలియదు. రష్యా వ్యోమగామి వాలెరి పొల్యకోవ్ 1994, 95ల్లో వరసగా 437 రోజులు బరువే లేకుండా ఉన్నాడు, ఆ డేటా ఉంది. భూమ్మీద డేటా మన అందరి దగ్గరా ఉంది. ఆ రెండింటి మధ్య ఏముందో చెప్పడానికి మనుషుల దగ్గర ఉన్నది చంద్రుడి మీద గడిపిన కొద్ది రోజుల అనుభవమే, అందులో అన్నిటికంటే ఎక్కువ ఆఖరి యాత్ర అపోలో 17 వాళ్ళు ఉన్న 75 గంటలు. అంతే.

కనుక్కోవడానికి ఒక అవకాశం వచ్చింది, జారవిడిచారు. అంతరిక్ష కేంద్రానికి తగిలించడం కోసం జపాన్ ఒక మాడ్యూల్, అంటే గదిలాంటి భాగం కట్టింది. లోపల రెండున్నర మీటర్ల గిరగిర తిరిగే చక్రం, అందులో ఎలుకల్ని పెట్టి చంద్రుడి బరువో అంగారకుడి బరువో కల్పించి నెలల తరబడి చూడొచ్చు. ఖర్చులు పెరిగాయని, షటిల్ ప్రయాణాలు సరిపోవని 2005లో దాన్ని రద్దు చేశారు. ఆ మాడ్యూల్ ఇప్పుడు జపాన్‌లోనే, త్సుకుబాలో వాళ్ళ అంతరిక్ష సంస్థ ఆవరణలో ఆరుబయట ప్రదర్శనకి పెట్టి ఉంది. జపాన్ వాళ్ళే తర్వాత అంతరిక్ష కేంద్రంలోని తమ కిబో ప్రయోగశాలలో చిన్న యంత్రంతో ఎలుకల మీద కొంత చేశారు, మెచ్చుకోవాలి. కానీ తరం తర్వాత తరం ఎలుకలు ఆరో వంతు బరువులో పుట్టి, పెరిగి, పిల్లల్ని పెట్టగలవా అనేది ఇంకా తేలలేదు. అది తేల్చకుండా అంగారకుడి మీద పది లక్షల మంది నగరం బొమ్మలు గీయడం నాకు నచ్చదు.

ఆ బరువు చాలదని తేలితే? అప్పుడూ దారి ఉంది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ జెరార్డ్ ఒనీల్ 1974లోనే రాశాడు, గ్రహం మీదే ఎందుకుండాలి, చంద్రుడి మట్టితో పెద్ద గొట్టాలు కట్టి తిప్పితే లోపల పూర్తి బరువు వస్తుంది కదా అని. లెక్కలో తప్పు లేదు. మనుషులున్న నౌకని తిప్పి బరువు తెప్పించే ప్రయత్నం 1966 సెప్టెంబరులో అమెరికా నౌక జెమిని 11 వాళ్ళు చేశారు, 30 మీటర్ల తాడుతో ఇంకో నౌకకి కట్టుకుని. వచ్చిన బరువు ఎంత స్వల్పమంటే మనుషులకి తెలియనే లేదు, వదిలేసిన కెమెరా మాత్రం మెల్లిగా వెనక్కి జరిగింది. ఆ తాడు దగ్గరే ఆగిపోయాం. ఇన్ని ప్రైవేటు స్టేషన్ల ప్లాన్లు వస్తున్నాయి, నా ఓటు తిరిగే స్టేషన్‌కే.

బరువు సమస్య తీరినా మట్టి, గాలి, మొక్కల సంగతి మిగిలే ఉంటుంది. 1991లో అరిజోనాలో 8 మంది బయోస్ఫియర్ 2 అనే గాజు భవనంలోకి వెళ్ళి తలుపు మూసుకున్నారు. రెండేళ్ళు లోపలి గాలి, లోపలి తిండితోనే బతకాలి. 16 నెలలకి ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14 చిల్లరకి పడిపోయింది. కొండల మీద ఆయాసపడ్డట్టు ఆయాసపడ్డారు, చివరికి బయట నుంచి ఆక్సిజన్ ఎక్కించాల్సి వచ్చింది. మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ తిని కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. మామూలుగా మొక్కలు దాన్ని మళ్ళీ ఆక్సిజన్ చేయాలి. చేయలేకపోయాయి, ఎందుకంటే కొత్తగా పోసిన కాంక్రీటు దాన్ని పీల్చేసుకుని కాల్షియం కార్బొనేట్‌గా మారిపోయింది. మళ్ళీ కాల్షియమే! ఆ ప్రయోగాన్ని చాలామంది ఎగతాళి చేశారు. నేనైతే ప్రతి అయిదేళ్ళకీ అలాంటిది ఒకటి చేయాలంటాను. చంద్రుడి మీద తెలిసే కంటే, బయటికి తలుపున్న చోట తెలియడం మేలు.

ఇక్కడ ఆకలి ఉండగా ఆకాశం ఎందుకు అనేవాళ్ళకి నా దగ్గర పెద్ద జవాబు లేదు, చిన్నది ఉంది. అంతరిక్షానికి ప్రభుత్వాలు పెట్టేది వాటి ఖర్చులో కొసరు. ఆ కొసరు కూడా తగ్గాలనుకునేవాళ్ళు నాతో కలిసి వ్యాపారం రావాలని కోరుకోవచ్చు. చెత్త గురించి అడిగేవాళ్ళ వైపు మాత్రం నేను పూర్తిగా ఉన్నాను. 2009 ఫిబ్రవరిలో పనిచేయని రష్యా ఉపగ్రహం, పనిచేస్తున్న ఇరిడియం అనే అమెరికా ఫోన్ కంపెనీ ఉపగ్రహం గుద్దుకుని వేల ముక్కలయ్యాయి. పని అయిపోయిన ఉపగ్రహాన్ని అయిదేళ్ళలోపు దించేయాలని అమెరికా 2022లో నియమం పెట్టింది. అన్ని దేశాలూ పెట్టాలి, దించని కంపెనీకి తర్వాతి లైసెన్సు ఆపాలి.

రాకెట్ల మీద మోజుతో నాకు రాసే కుర్రాళ్ళు కొందరున్నారు. వాళ్ళందరూ ఇంజిన్లే చదువుతామంటారు. ఇంజిన్లకి మనుషులు చాలామందే ఉన్నారు. గాలి, నీళ్ళు కారకుండా అతుకుల్ని మూసే సీళ్ళు చదవండి. అపోలో వాళ్ళు తెచ్చిన రాళ్ళ పెట్టెల సీళ్ళు చంద్రుడి దుమ్ము పడి సరిగా మూసుకోలేదు. అంతరిక్ష కేంద్రం రష్యా విభాగంలో సన్నటి పగుళ్ళలోంచి ఏళ్ళ తరబడి గాలి కారింది. 2020లో ఆ లీకు ఎక్కడుందో పరికరాలకి తొందరగా దొరక్కపోతే కాస్మొనాట్లు టీ పొట్లం చింపి, ఆకుల్ని గాల్లో వదిలి, అవి ఎటు తేలుతున్నాయో కెమెరాలు పెట్టి చూసి పగులుని పట్టుకున్నారు. తుప్పు చదవండి, పైపుల్లో పాచిలా పెరిగే బయోఫిల్మ్ చదవండి, చేతి తొడుగులతో విప్పగలిగేలా పైపుల్ని కలిపే ఫ్లాంజ్ ఎలా డిజైన్ చేయాలో చదవండి. ఒప్పంద చట్టాలు చదివేవాళ్ళు కూడా కావాలి, బీమా లెక్కలు వేసేవాళ్ళు మరీ కావాలి. ప్రైవేటు స్టేషన్ల డ్రాయింగులు బయటికి వచ్చినప్పుడల్లా నేను మొదట చూసేది కిటికీలు కాదు. ఫిల్టర్ హౌసింగ్ ఎక్కడుంది, దాన్ని మార్చాలంటే ముందు ఎన్ని ప్యానెళ్ళు ఊడదీయాలి, అదే చూస్తాను.